ఇద్దరూ ఒకే కార్డు వాయిస్తే అది రుంబా కాదు

సంపాదకులకు,

విశాఖ కాలేజీ ఫెస్టుల్లో స్ట్రొమే పాటలు ఎత్తుకునే బ్యాండ్లకు ఈ ఉత్తరం. బెల్జియన్ తల్లికి, రువాండా తండ్రికి 1985లో బ్రస్సెల్స్‌లో పుట్టిన ఈ గాయకుడు యూరప్ డాన్స్ బీటు పక్కన కాంగో నాట్య సంగీతమైన రుంబా గిటారును కూర్చోబెట్టాడు. ఆ గిటారును వదిలేసి కీబోర్డు ట్రాకు మీద పాడేస్తే పాట సగం పోయినట్టే.

కాంగో రుంబా 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అందులో గిటార్లు సాధారణంగా మూడు: రిథమ్, లీడ్, ఆ రెంటి మధ్య మి-సోలో. ఎవరి జాగా వారిదే. ఏ ఇద్దరు గిటారిస్టులైనా అవే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) గీకితే శబ్దం ముద్దయిపోతుంది. ఒకరు మొదటి ఫ్రెట్లలో (గిటారు మెడ మీది మెట్లలో) ఉండాలి, రెండోవారు ఏడో ఫ్రెట్ దాటి, సన్న తీగల మీద చిన్న ముక్కనే తిప్పి తిప్పి వాయించాలి. గిటారు శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ అసలు వద్దు. అరచేతి అంచు బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకు కాస్త ఆనితే చాలు, మోత తగ్గి స్వరం తెగి వినిపిస్తుంది.

ఆఫ్రికా లయ ఒంటబట్టాలంటే 12 మాత్రలు లెక్కపెట్టండి. 1, 4, 7, 10కి అడుగు, 1, 5, 9కి చప్పట్లు. మృదంగం నేర్చినవారికి ఇది తేలిక, వారిని బ్యాండులోకి పిలవండి! కంప్యూటర్‌లో క్వాంటైజ్ (వాయించిన దెబ్బలను కచ్చితమైన లెక్క గీతల మీదికి, అంటే గ్రిడ్ మీదికి, జరిపే సదుపాయం) నూరు శాతం పెడితే ఆ ఊపు చచ్చిపోతుంది. కిక్‌ను (కాలితో కొట్టే పెద్ద డ్రమ్మును) మాత్రమే గ్రిడ్ మీద ఉంచండి.

బీచ్ రోడ్డులో వేదికలు కట్టే నిర్వాహకులు గిటార్ల సౌండ్ చెక్‌కు విడిగా పావుగంట ఇవ్వాలి. వంద హెర్ట్జ్ కింది మంద్ర ధ్వనిని గిటార్లలో కోసేసి, ఆ చోటు బేస్ గిటారుకు వదలాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం