ఆరు ఆకుపచ్చ బెల్టులు వెనక్కి తీసుకుంటున్నాను

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల మన కరాటే క్లాసు బెల్ట్ టెస్టులో తొమ్మిది మంది పిల్లలకు ఆకుపచ్చ బెల్టు ఇచ్చాను. అందులో ఆరుగురి బెల్టు వెనక్కి తీసుకుంటున్నాను. టెస్టు ఫీజు తిరిగి ఇచ్చేస్తాను. ఈ సంగతి ఇప్పటికే ఊళ్లో సగం సగం పాకింది. "మాస్టర్‌కి పిచ్చెక్కిందట" అన్న మాట నా చెవిన కూడా పడింది. అందుకే జరిగింది నేనే రాస్తున్నాను.

ముందు బెల్టుల రంగు గురించి. నేను పదకొండేళ్లుగా మీరట్‌లో ఒకే డీలర్ దగ్గర కొంటున్నాను. ఆ నమ్మకంతోనే ఈసారి డబ్బు మొత్తం ముందే పంపాను. టెస్టు అయిన వారంలో నలుగురు తల్లులు ఒకే ఆదివారం ఫోన్ చేశారు. బెల్టుతో కలిపి ఉతికితే తెల్ల డ్రెస్సంతా పచ్చగా అయిందని. ఆ బెల్టుల్లో ఒకదాన్ని రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి చూశాను. పొద్దున బకెట్‌లో గోరింటాకు కలిపినట్టుంది. డీలర్‌కి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "కరాటే బెల్టు ఉతకకూడదు కదా మాస్టర్‌జీ" అన్నాడు. అలాంటి ఆచారం ఉన్న మాట నిజమే, కానీ అది మన చెమటకి విలువ ఇచ్చే మాట, వాడి నాసిరకం రంగుకి కాదు. నాకే కరాటే నేర్పుతున్నాడు! మూడుసార్లు ఫోటోలు పంపాను. నాలుగోసారి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ డబ్బు పోయినట్టే. పాడైన డ్రెస్సులకు బదులు కొత్తవి నేనే ఇస్తాను.

ఆ కోపంలో ఉండగానే ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి కుర్రాడొకడు బెల్టు మడిచి కవర్లో పెట్టుకుని వచ్చాడు. వీడూ రంగు గురించే వచ్చాడనుకుని డీలర్ కథంతా మొదలుపెట్టాను. ఐదు నిమిషాలు ఓపిగ్గా విని, "రంగు కాదు మాస్టర్. నేను పాస్ కాలేదు కదా" అన్నాడు.

వాడు చేసిన కటా, అంటే వరసగా చేసే కదలికల అభ్యాసం, పేరు హేయాన్ నిదాన్. మొత్తం 26 కదలికలు. ఏడోది యోకో గేరి, అంటే పక్కకి తన్నే కిక్. టెస్టు రోజు అక్కడ తూలి కాలు కింద పెట్టేశాడు. ఆగి నా వైపు చూశాడు. నేను తల వంచుకుని కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించాను. అక్కణ్నుంచి ఎలాగో పూర్తి చేశాడు. ఎందుకు నటించానంటారా? తొమ్మిది బెల్టులు అప్పటికే వచ్చేశాయి, బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. మీరంతా ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు.

వీడు 2022లో చేరినప్పుడు అమ్మ చున్నీ వదిలేవాడు కాదు. మొదటి ఏడాదంతా కియాయ్, అంటే గట్టి అరుపు, వేయాల్సిన చోట నోరు తెరిచేవాడు, శబ్దం మాత్రం వచ్చేది కాదు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ని. ఆ పిల్లాడు నా ఎదురుగా నిలబడి, గొంతు వణక్కుండా, "మీరు చూశారు మాస్టర్, నాకు తెలుసు" అన్నాడు. నాకు ముందు కోపమే వచ్చింది, దాచను. (వాడినీ వాళ్ల అమ్మగారినీ అడిగే ఇదంతా రాస్తున్నాను. ఎవరని అడగొద్దు.)

మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ బెల్టు తీసుకుంటే నిజం చెప్పినందుకు వాడొక్కడికే శిక్ష వేసినట్టు. తీసుకోకపోతే వాడి ముందు ఇక ఏ మొహంతో లెక్క పెట్టించను? "వాడికి మళ్లీ టెస్టు పెట్టి ఊరుకోండి, అందర్నీ ఎందుకు కెలకడం" అంది మా ఆవిడ. తెలివైన సలహానే. కానీ మీరు గ్రూపులో పెట్టిన వీడియోలు ఒక్కొక్కటీ ఆపి ఆపి చూశాను. కోకుత్సు దాచి అనే నిలబడే భంగిమలో బరువు 70 శాతం వెనక కాలి మీద ఉండాలి. ఐదుగురు పిల్లలు రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడ్డారు. అది నేర్పని తప్పు నాది. వీడితో కలిపి ఆరుగురు.

"ఇచ్చిన బెల్టు వెనక్కి తీసుకోవచ్చని రూల్ ఎక్కడుంది?" అని ఒక నాన్నగారు గట్టిగానే అడిగారు. ఎక్కడా లేదండీ. ఆ మాటకొస్తే బెల్టే కరాటేది కాదు. జూడో మొదలుపెట్టిన కనో జిగోరో పెట్టిన పద్ధతిని కరాటే గురువు ఫునాకోషి తెచ్చుకుని, 1924లో తన శిష్యులకు మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. అంతకుముందు కరాటే పుట్టిన ఒకినావాలో తరాల తరబడి బెల్టుల్లేకుండానే నేర్చుకున్నారు. ఏడాదిలో కావాల్సిన రంగు ఇచ్చే చోట్లు మన ఊళ్లోనూ ఉన్నాయి. వెళ్లేవాళ్లని ఆపను. ఇద్దరు ఇప్పటికే వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడికి నాలుగేళ్లు నేర్పాను, బాధ లేదంటే అబద్ధం.

క్లాసు టైమింగ్స్ మారవు. ఆరుగురికీ ఎనిమిది వారాల తర్వాత ఆదివారం పొద్దున్నే మళ్లీ టెస్టు, ఫీజు లేదు. అప్పటిదాకా పాత బెల్టులే కట్టుకుని రావాలి. ఆ కుర్రాడు రోజూ అరగంట ముందే వచ్చి గోడ పట్టుకుని యోకో గేరి వేస్తున్నాడు. ఇంకా తూలుతున్నాడు. మళ్లీ తూలితే మళ్లీ ఫెయిల్ చేస్తానని చెప్పేశాను. సరేనన్నాడు.

ఇంకొకటి. ఈసారి బెల్టులు టెస్టు అయ్యాకే ఆర్డర్ ఇస్తాను, ఎందరు పాసైతే అన్నే. అందుకని చేతికి రావడానికి పది రోజులు ఆలస్యమవుతుంది. ముందు మా ఇంట్లో ఉతికే ఇస్తాను.