పొణికి కర్రకు తగిన కత్తి

కొండపల్లి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

చెక్కడానికి కొనాలనుకుంటున్న కత్తుల సెట్టు ఫొటోలు నువ్వు ఫోనులో పంపావు, చూశాను. ఆ కత్తులు చెడ్డవని అనను. అయితే హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ కూడా సెలవురోజున కర్ర ముక్క పట్టుకుని కూర్చోవాలని నీకు అనిపించినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అందుకే నీ మొదటి కత్తిని నీ చేతులతో నువ్వే చేసుకోవాలని ఆశపడుతున్నాను. ఎలా చేయాలో తెలిసినంతవరకు రాస్తాను.

ముందు కర్ర సంగతి. మన బొమ్మలకు వాడే తెల్ల పొణికి ఎంత తేలికో, ఎంత మెత్తనో నీకు తెలుసు. మెత్తని కర్ర కదా, ఏ కత్తయినా దిగుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు, అది పొరపాటు. టేకు వంటి గట్టి కర్ర కత్తికి ఎదురు నిలుస్తుంది గనుక అంచు కాస్త మొద్దుబారినా దాని నార తెగుతుంది. పొణికి నార అలా నిలవదు, మొద్దు అంచు తగిలితే వెనక్కి ఒరిగి, తెగకముందే నలిగిపోతుంది. అంబారీ ఏనుగు తొండం కొన తిప్పే చోట, నారకు అడ్డంగా కోసినప్పుడు చూడు: పదునున్న కత్తి వెళ్ళిన చోట కర్ర మైనం పూసినట్టు నున్నగా మెరుస్తుంది, పదును తగ్గిన కత్తి వెళ్ళిన చోట తెల్లగా, దూది చించినట్టు నూగు లేస్తుంది. ఆ నూగును గరుకు కాగితంతో అణచవచ్చు గాని, సుద్ద పూత పడి తడి తగలగానే మళ్ళీ లేచి నిలబడుతుంది. కాబట్టి మనకు కావలసింది పలుచని, పొడవైన వాలు గల అంచు. రెండు వైపుల వాలూ కలిపి ఇరవై డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది. అంగడిలో దొరికే చాలా కత్తులకు గట్టి కర్రను కూడా తట్టుకోవాలని అంచు దగ్గర ఇంకొక చిన్న వాలు పెడతారు. పొణికికి అది అడ్డమే.

నీ అద్దె ఇంట్లో కొలిమి పెట్టలేవు గనుక మొదటి కత్తిని నిప్పు లేకుండానే చేద్దువు గాని. బాలానగర్ వైపు లేతు షాపుల్లో ఇనుప కడ్డీలు కోసే పెద్ద రంపపు మిషన్లు ఉంటాయి. వాటి బ్లేడ్లు పళ్ళు అరిగాక మూలన పడేస్తారు, అడిగితే ఇస్తారు. చేతి రంపం బ్లేడు కంటే అవి రెండు మూడింతలు మందం. అందులో పూర్తిగా హైస్పీడ్ స్టీలుతో చేసినదే కావాలి. కొన్ని రకాలకు పళ్ళ వరసే గట్టి ఉక్కు, మిగతాదంతా మెత్తటిది. ఆకురాయితో, అంటే ఇనుమును అరగదీసే గరుకు ఉక్కు పనిముట్టుతో, వెన్ను మీద గీసి చూస్తే తెలిసిపోతుంది. ఆకురాయి కరిచిందంటే అది మనకు పనికిరాదు, కరవకుండా జారిపోతే పనికొస్తుంది. ఈ స్టీలును గ్రైండరు మీద అరగదీసేటప్పుడు అంచు నీలం తిరిగినా గట్టితనం పోదు. మామూలు కర్బనపు ఉక్కు అయితే ఆ నీలిరంగు కనబడేసరికే పదును నిలిపే గుణం పోయినట్టే. బ్లేడును చేత్తో విరవడానికి మాత్రం ఎన్నడూ ప్రయత్నించవద్దు, గాజులాగా పగిలి ముక్కలు కళ్ళలోకి ఎగురుతాయి. కళ్ళద్దాలు పెట్టుకుని, కోసే చక్రంతో గాటు పెట్టి ముక్క చెయ్యి. అంచు పొడవు అంగుళంన్నర చాలు. కొన వైపు వెన్నును కిందికి దించితే బొమ్మ కంటి గుంటల దగ్గర కూడా తిరుగుతుంది.

సాన పట్టడం దగ్గర తొందరపడకు. నీళ్ళు చల్లిన సానరాయి మీద వాలు మొత్తం ఆనేలా ఉంచి, ఒక వైపు రుద్దుతూ రెండో వైపు వేలి కొనతో తడిమి చూడు. అంచు పొడవునా కనిపించీ కనిపించని సన్నని రేకు తగలాలి. అది తగిలాకే కత్తి తిప్పాలి. తర్వాత ఇంకా నున్నని రాయి, ఆఖరున పాత బెల్టు తోలు మీద మెరుగు పెట్టే ఆకుపచ్చ పేస్టు రాసి, కత్తిని వెన్ను వైపుకే లాగుతూ ఇరవై ముప్పై సార్లు. పని మధ్యలో అరగంటకొకసారి తోలు మీద లాగుతూ ఉంటే రాయి అవసరం చాలా రోజులు రాదు.

కొలిమి పని సంక్రాంతికి నువ్వు వచ్చాక చేద్దాం. అరిగిన ఆకురాయి ఒకటి దాచి ఉంచాను. ఆకురాయి ఉక్కులో కర్బనం నూటికి ఒక పాలుకు పైనే ఉంటుంది. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో అంతకంటే ఎక్కువే ఉండేదట. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఇంత కర్బనమున్న ఉక్కును ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో కప్పిపెడితే, తెల్లవారేసరికి ఇంకో ఆకురాయికి లొంగేటంత మెత్తబడుతుంది. ఆకారం తీర్చాక మళ్ళీ కాల్చాలి. ఎంతవరకంటే, అయస్కాంతం దానికి అంటుకోవడం మానేసే వరకు, ఆపైన మరికాస్త. వెంటనే గోరువెచ్చని వేరుశనగ నూనెలో నిలువుగా ముంచాలి.

ఈ నూనె మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నీ వయసులో నేను ఆ ఓర్పు లేక ఒక మంచి ఉలిని పోగొట్టుకున్నాను. గోరులాగా వంపు తిరిగిన ఆ ఉలిని రెండు రోజులు కూర్చుని తీర్చి, పుష్యమాసపు చలిలో చన్నీళ్ళ బకెట్టులో ముంచాను. టిక్కుమని చిన్న చప్పుడు వినబడింది గాని పైకి ఏమీ కనబడలేదు. సాన పట్టి, గుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి చూస్తే అంతా ఆరిపోయిన ఉక్కు మీద ఒకచోట మాత్రం తడి నల్లని నూలుపోగులాగా నిలిచి ఉంది. అది చీలిక. మీ తాతగారు దాన్ని చూసి ఏమీ అనకుండా తన ఉలి ఒకటి నా ముందు పెట్టి లేచి వెళ్ళిపోయారు. ఇప్పటికీ నేను వాడుతున్నది ఆ ఉలే.

నూనెలోంచి తీసిన కత్తి గట్టిగా ఉంటుంది, కాని పెళుసు. ఒక పక్కను మెరిసేలా తోమి, పెనం మీద వేడెక్కిన ఇసుకలో వెన్ను దించి కూర్చోబెడితే రంగులు వెన్ను నుంచి అంచు వైపు పాకుతూ వస్తాయి: లేత గడ్డిరంగు, ముదురు గడ్డిరంగు, ఊదా, నీలం. అంచు దగ్గరికి లేత గడ్డిరంగు రాగానే తీసి చల్లార్చాలి. వెన్ను నీలం తిరిగినా ఫరవాలేదు, దానికి కాస్త సాగే గుణం ఉండటమే మేలు. ఇది చెబితే వచ్చేది కాదు, నా పక్కన కూర్చుని చూడాలి. వచ్చేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో దిగి లారీ కమాను పట్టీ ముక్క ఒకటి తీసుకురా. దానితో లావుపాటి ఉలి చేద్దాం.

ఇక పిడి. తుమ్మ కర్ర ఎండినది ఉంది, పిడి కొనకు తొడిగే ఇత్తడి పొన్ను కూడా ఉంది. గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో తీస్తాను, అప్పుడు చూడకుండానే అంచు ఎటుందో నీ చేతికి తెలుస్తుంది. నా చేతి కొలతకు తీస్తే నీకు లావవుతుంది. కాబట్టి నీ కుడి అరచేతిని కాగితం మీద ఆనించి, వేళ్ళ చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కాగితం పోస్టులో పంపించు. ఫోనులో ఫొటో పంపితే కొలత సరిగా రాదు.

ఇట్లు,
మీ నాన్న