ఎమిషన్ చీటీలోనే సగం జబ్బు రాసి ఉంటుంది

సంపాదకుల గారికి,

పదిహేనేళ్లు దాటిన శాంత్రోలు, జెన్‌లు, వ్యాగనార్‌లు బెంగళూరు రోడ్ల మీద ఇంకా చాలానే తిరుగుతున్నాయి. ఎఫ్‌సీ చేయించి మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నవాళ్లు వాటిని ప్రేమగానే చూసుకుంటున్నారు. అలాంటి బండి ఒకరోజు సిగ్నల్ దగ్గర వణుకుతూ ఆగిపోతే గ్యారేజీలో మొదట వినపడేది "సెన్సర్ పోయింది సార్". సెన్సర్ మార్చినా తగ్గకపోతే "ఈసీఎం పోయింది". ఆ తర్వాత "ఇంక అమ్మేయండి". ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, నిజంగా పోవడం అరుదు. అంతదూరం వెళ్లేలోపు పెద్ద ఖర్చు లేకుండా చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది డ్యాష్‌బోర్డు అరలోనే పడి ఉంటుంది. అదే ఎమిషన్ టెస్ట్ చీటీ.

ఆ చీటీలో పాస్ అయిందా లేదా అన్నది తప్ప ఎవరూ ఇంకేమీ చదవరు. చదవాల్సినవి రెండు అంకెలు: శాతంలో ఇచ్చే సీఓ (కార్బన్ మోనాక్సైడ్), పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులో, ఇచ్చే హెచ్‌సీ (కాలని పెట్రోల్ ఆవిరి). బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) పెట్రోల్ కార్లకు పరిమితి 0.5 శాతం, 750 పీపీఎం. బీఎస్-4 కార్లకు 0.3 శాతం, 200 పీపీఎం. పరిమితి దాటిందా లేదా అన్నదానికంటే, పోయినసారికీ ఈసారికీ ఏ అంకె కదిలిందన్నదే అసలు సంగతి. సీఓ పెరిగిందంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. సీఓ తక్కువే ఉండి హెచ్‌సీ ఒక్కటే ఎగబాకితే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ కాలకుండా బయటికి పోతోంది, అంటే మిస్సింగ్. ఇవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. సైలెన్సర్‌కు కన్నం ఉంటే బయటి గాలి కలిసి అన్ని అంకెలూ తగ్గి కనిపిస్తాయి కాబట్టి ముందు అది చూసుకోవాలి. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక తీసిన రీడింగునే నమ్మాలి.

సీఓ ఎక్కువ వస్తోందా? పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల జోలికి పోకముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్ అది. ఎప్పుడో ఒక ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని ఎవరో దాన్ని పీకి పారేసి ఉంటారు. మన దగ్గర ఇది మరీ మామూలైపోయింది, ఇంత నష్టం చేసే అలవాటు ఇంకోటి లేదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్‌లో కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోతుంది. డిసెంబర్ పొద్దున హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ఆ ఇంజిన్ 80 డిగ్రీలకు చేరడమే కష్టం. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకొని ఈసీఎం, పాత కార్బురేటర్ బండికి చోక్ లాగినట్టు, పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు దూరంగా రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి పెట్టండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటినుంచీ కొద్దికొద్దిగా గోరువెచ్చబడుతుంటే థర్మోస్టాట్ లేనట్టు, లేదా తెరుచుకొని బిగుసుకుపోయినట్టు.

అది బాగానే ఉంటే తర్వాత కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. మీటర్‌లో ముల్లు సరిగ్గానే ఉంది కదా అంటారు. చాలా పాత కార్లలో ముల్లుకు ఒక సెన్సర్, ఈసీఎంకు ఇంకో సెన్సర్. ఒంటి వైరుది సాధారణంగా ముల్లుది, రెండు వైర్లది ఈసీఎంది. కనెక్టర్ తీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలవాలి. ఎక్కువ కార్లలో వాడిన రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్స్ చిల్లర రావాలి. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో ఇంకా 1 కిలో ఓమ్ చూపిస్తుంటే, ఈసీఎం లెక్కలో ఆ ఇంజిన్ నలభై చిల్లర డిగ్రీల్లోనే ఉంది. మైలేజీ పడిపోతుంది, పెట్రోల్ వాసన వస్తుంది, ప్లగ్గులు పొడి మసితో నల్లబడతాయి, చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలగదు. ఇంజిన్ 40 డిగ్రీల్లో ఉండటం అసాధ్యం కాదు కదా, వైరు తెగితేనో షార్టయితేనో తప్ప ఈసీఎంకు అనుమానం రాదు. అదే చేత్తో, పెట్రోల్ ప్రెషర్‌ను అదుపులో ఉంచే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కున్న సన్న వాక్యూమ్ పైపు కూడా లాగి చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే లోపలి డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగింది, ఆ దారిన పెట్రోల్ అదనంగా ఇంజిన్‌లోకి పోతోంది.

ఇక హెచ్‌సీ. ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది. ఆక్సిజన్ సెన్సర్ కొలిచేది సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్‌ను మాత్రమే, పెట్రోల్‌ను కాదు. ఒక సిలిండర్‌లో ప్లగ్ కొట్టకపోతే అక్కడి గాలి కూడా వాడకుండానే బయటికి వస్తుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. పెట్రోల్ చాలడం లేదనుకొని ఈసీఎం మిగతా సిలిండర్లన్నిటికీ ఇంకాస్త పోస్తుంది. స్కానర్ పెడితే మిశ్రమం పలచన అనో, ఆక్సిజన్ సెన్సర్ అనో కోడ్ వస్తుంది. పోయిందేమో ప్లగ్ వైరు, మార్చేదేమో సెన్సర్! కోడ్ చెప్పేది ఈసీఎంకు ఏం కనిపించిందో, అంతే. ఏ పార్టు కొనాలో అది చెప్పదు. సెన్సర్ బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి, ఇంజిన్ వేడి మీద దాని సిగ్నల్ వైరులో వోల్టేజీ చూడండి. 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుండాలి. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే 0.8 దాటాలి, వదిలేస్తే 0.2 కిందికి పడాలి. అలా పడితే దాన్ని మార్చకండి.

మిస్సింగ్ ఏ సిలిండర్‌దో తెలియాలంటే ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి, మళ్లీ పెట్టి చూడాలి. మంచి సిలిండర్‌ది తీస్తే ఇంజిన్ వెంటనే తడబడుతుంది. ఏ తేడా లేకపోతే దొంగ అక్కడే. ప్లగ్ వైరు పీకే పాత పద్ధతి ఇంజెక్షన్ బండికి పనికిరాదు. కాయిల్ దెబ్బతింటుంది, కాలని పెట్రోల్ వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఆ సిలిండర్ ప్లగ్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి, తర్వాత వైరు, తర్వాత ఇంజెక్టర్. ఏది మార్చినప్పుడు మిస్సింగ్ కూడా చోటు మారిందో ఆ పార్టే పోయింది. ప్లగ్ గ్యాప్ చాలా వరకు 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, వైర్లను ముట్టుకోకుండా వాటి మీద స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లితే కరెంటు లీకయ్యే చోట నీలి మెరుపులు కంటికే కనిపిస్తాయి. వీటిలో ఏదీ కాకపోతే అప్పుడు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి నిలుస్తోందా అని చూడాలి. గ్యాస్ మీద చాలాకాలం నడిచిన బండ్లలో వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్న సందు) బిగుసుకుపోయి ఉంటుంది, ముందు అది సరిచేయాలి.

ఐడ్లింగ్‌లో ఆర్పీఎం పైకీ కిందికీ ఊగుతుంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్‌లలో పేరుకున్న కార్బన్ తీయించండి, చీలిన వాక్యూమ్ పైపుల కోసం చూడండి. బ్రేక్ బూస్టర్ పైపును ప్లయర్‌తో మెల్లగా నొక్కినప్పుడు ఊగడం ఆగితే లీకు అటువైపే. త్రాటిల్ స్టాప్ స్క్రూను మాత్రం ముట్టుకోనివ్వకండి.

రెండు అంకెలూ బాగున్నా, పండక్కి ఊరెళ్లి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదంటే అది ఐడ్లింగ్‌లో దొరికే జబ్బు కాదు. ఫ్యూయల్ ప్రెషర్ గేజీ పెట్టాలి. మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపున్న సిస్టమ్‌లలో ఐడ్లింగ్‌లో సుమారు 2.1 నుంచి 2.6 బార్, రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు తీస్తే మరో అర బార్ పెరగాలి. లోడ్ మీద అది జారిపోతుంటే ఫిల్టర్ లేదా పంపు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోల్ వస్తోంది. అది పాత ట్యాంకుల అడుగు మడ్డిని కదిలిస్తుంది కాబట్టి ఫిల్టర్‌ను ముందే మార్చడం మేలు. పెట్రోల్ లైన్ విప్పే ముందు పంపు రిలే తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ప్రెషర్ దించాలి. ఇది మరవకూడదు, మంటలు ఇక్కడే అంటుకుంటాయి.

మన ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఇంజిన్ ఆపి కీ మాత్రం ఆన్‌లో ఉంచితే మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) ఇక్కడ దాదాపు 91 కిలోపాస్కల్ చూపాలి. చెన్నైలో అయితే 101. పుస్తకంలో 101 అని ఉంది, ఇది తక్కువ చూపిస్తోంది అని మంచి సెన్సర్‌ను మార్చేవాళ్లున్నారు. నిజానికి ఇక్కడ 101 చూపిస్తేనే అది తప్పు చెబుతోంది.

ఎమిషన్ సెంటర్లవాళ్లకు ఒక మనవి. ఇంజిన్ వేడెక్కాకే పైపు పెట్టండి, రెండు అంకెలూ బండివాళ్లకు చూపించండి. బండివాళ్లు రిపేరు తర్వాత ఇంకోసారి టెస్ట్ చేయించి, పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి మెకానిక్‌కే చూపించండి. సీఓ 0.4 దగ్గరే నిలిచిపోతే, సెన్సర్‌కు బిల్లు కట్టేముందు థర్మోస్టాట్ సంగతి అడగండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
విల్సన్ గార్డెన్, బెంగళూరు