డబ్బా మీది పేరు, పెరిగిన ధర, జూలైలో జరిగిన పొరపాటు: మా మాచా కొనేవారికి

మా దగ్గర మాచా, అంటే నీటిలో చిలికి తాగే జపాన్ తేయాకు పొడి, కొంటున్న వారందరికీ నమస్కారం.

జూలై 20 నుంచి ఆగస్టు 10 వరకు హైదరాబాద్‌లోని మా దుకాణం నుంచి 30 గ్రాముల ఉజీ మాచా డబ్బాలు 86 అమ్ముడయ్యాయి (ఉజీ జపాన్‌లో క్యోటో దగ్గర తేయాకుకు పేరుపడ్డ ఊరు). వాటిలోని పొడి అమ్మదగినది కాదు. రంగు మునుపటిలా లేదని, ఎంత చిలికినా నురుగు నిలవడం లేదని, గిన్నె అడుగున ఉండలు మిగులుతున్నాయని మొదట ముగ్గురు రాశారు. నీళ్లు మరీ వేడిగా పోసి ఉంటారని అనుకుని, నేను వారికి ఆ సలహాయే ఇచ్చి ఊరుకున్నాను. నాలుగో ఉత్తరం వచ్చాక, ఆ లాటు నుంచి దాచి ఉంచిన డబ్బాను, ఏప్రిల్‌ నాటి డబ్బాను తెరిచి, రెండింటి నుంచి చిటికెడు పొడి తీసి తెల్ల కాగితం మీద పక్కపక్కనే వేలితో గీసి చూశాను. ఏప్రిల్‌ గీత లేత చిగురు రంగులో మెరుస్తుంటే, జూలై గీత ఎండిన మునగాకు పొడిలా వెలవెలబోయింది. ఆ ముగ్గురికీ విడివిడిగా క్షమాపణ చెప్పుకున్నాను. ఇక్కడ అందరి ముందూ మళ్లీ చెప్పుకుంటున్నాను.

తప్పు క్యోటోలో మాకు సరుకు పంపే వ్యాపారిది కాదు, మాది. మేము కిలో సంచుల్లో పొడి తెప్పించుకుని, చల్లగదిలో ఉంచి, ఇక్కడే చిన్న డబ్బాల్లోకి నింపుతాం. జూలైలో ఆర్డర్లు మీద పడి ఉండగా ప్యాకింగ్‌ గది ఏసీ రెండు రోజులు పనిచేయలేదు. అయినా పని ఆపలేదు. పైగా చల్లగది నుంచి తీసిన సంచిని గది వేడికి చేరేదాకా ఆగకుండానే తెరిచాం. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు వానాకాలంలో ఎలా చెమట పడుతుందో, తెరిచిన సంచిలో పొడికి కూడా అలాగే చెమ్మ పడుతుంది. కొన్ని మైక్రాన్ల మేర మాత్రమే ఉండే రేణువులు గాలినీ తేమనూ ఎంత వేగంగా పీల్చుకుంటాయంటే, గంటలో జరిగిన నష్టం వారంలోపే రంగులో కనిపిస్తుంది. ఇప్పుడు సంచిని తెరవకుండా ఒక రోజంతా బయట ఉంచుతున్నాం. గదిలో తేమ 45 శాతం దాటితే ఆ రోజు ప్యాకింగ్‌ పెట్టుకోవడం లేదు. ఆ తేదీల్లో కొన్నవారు డబ్బా ఖాళీ అయినా సరే, ఆర్డరు నంబరు పంపితే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాం. డబ్బాను వెనక్కి పంపనవసరం లేదు.

ఇక ధర గురించి. సరుకు ఎందుకు దొరకడం లేదో తెలియాలంటే, ఈ పొడి ఎలా తయారవుతుందో కొంత చెప్పాలి. మాచా అంటే పొడి కొట్టిన మామూలు గ్రీన్‌ టీ అని చాలామంది అనుకుంటారు. కాదు. మాచాకు ముడిసరుకు టెంచా అనే ప్రత్యేకమైన ఆకు. వసంతంలో చిగురు వేయగానే తోట మీద పందిరి వేసి మూడు నుంచి నాలుగు వారాల పాటు ఎండ తగలకుండా కాపాడతారు. పూర్వం రెల్లు చాపలు పరిచి వాటిపై వరిగడ్డి కప్పేవారు. ఇప్పుడు చాలాచోట్ల నల్లటి వల వాడుతున్నారు. చివరి రోజుల్లో 90 శాతానికి పైగా వెలుతురు ఆగిపోతుంది. ఎండ తగిలితే ఆకులో కమ్మదనాన్నిచ్చే థియనైన్‌ వగరు పుట్టించే కాటెకిన్లుగా మారిపోతుంది. నీడలో ఆ మార్పు నెమ్మదిస్తుంది, ఉన్న కాస్త వెలుతురునూ అందుకోవడానికి ఆకు పత్రహరితాన్ని పెంచుకుంటుంది. మంచి మాచాలో కనిపించే ముదురు పచ్చదనం, నాలుక మీద నిలిచే కమ్మదనం ఈ నీడ వల్ల వచ్చినవే. మన భాషలో 'కమ్మదనం' అనే మాట ఉండటం నాకు ఎంతో ఉపకరించింది. జపాన్‌ వారు ఉమామి అనే ఆ రుచిని, కాచిన నెయ్యి, చిక్కటి పప్పుకట్టు ఎరిగిన వారికి వేరే వివరించనవసరం లేదు.

2023 మే నెలలో క్యోటో దగ్గరి వజుకాలో ఒక టెంచా శాలకు వెళ్లాను. కోసిన ఆకును కొద్ది సెకన్లపాటు ఆవిరి పట్టగానే, పెద్ద పంకాలు దాన్ని ఎత్తయిన వల గదుల్లోకి ఎగరగొడతాయి. తడి ఆకులు ఒకదానికొకటి అంటుకోకుండా విడివడి, పైదాకా లేచి, చల్లబడి కిందికి రాలుతాయి. మామూలు జపాన్‌ టీలో ఆకును నలిపి చుడతారు, ఇక్కడ ఎవరూ నలపరు. అక్కడి నుంచి ఇటుక బట్టీలోకి వెళ్లి ఎండుతాయి. ఆ తర్వాత తొడిమలూ ఈనెలూ ఏరివేయగా మిగిలిన పలుచటి ఆకు ముక్కలే టెంచా. శాల అంతా లేత అనపగింజలు ఉడుకుతున్న వాసన కమ్ముకుని ఉంది. ఇప్పుడు కొత్త సంచి తెరిచిన ప్రతిసారీ నేను వెతికేది ఆ వాసననే.

పొడి చేయడం మరీ నిదానమైన పని. మన అమ్మమ్మల ఇళ్లలోని తిరగలి లాంటిదే అక్కడి గ్రానైటు తిరగలి, ఇప్పుడు మోటారుతో తిరుగుతోంది. అయినా గంటకు 30 నుంచి 40 గ్రాముల పొడి మాత్రమే వస్తుంది. వేగం పెంచితే రాయి వేడెక్కి వాసన చెడుతుంది. అంటే మీ చేతిలోని ఒక్క డబ్బా కోసం ఒక తిరగలి దాదాపు గంటసేపు తిరిగిందన్నమాట.

ఇంత నిదానంగా తయారయ్యే సరుకును ఇప్పుడు ప్రపంచమంతా ఒక్కసారిగా అడుగుతోంది. జపాన్‌లో టెంచా ఉత్పత్తి 2010లో సుమారు 1,500 టన్నులు ఉంటే 2023లో 4,000 టన్నులు దాటింది. అదీ చాలడం లేదు. 2024 శరత్కాలంలో ఇప్పోదో, మారుక్యూ కోయమాయెన్‌ వంటి పేరున్న పాత సంస్థలే ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలేనని పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది వేసవి ఎండలు క్యోటో తోటలను దెబ్బతీయడంతో మరుసటి వసంతంలో దిగుబడి తగ్గింది. 2025 మే నెలలో క్యోటో వేలంలో టెంచా కిలో సగటు ధర 8,000 యెన్‌లు దాటింది, అంతకుముందు ఏడాదితో పోలిస్తే రెండున్నర రెట్లకు మించి. కొత్తగా మొక్కలు నాటితే సరిగా కోతకు రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఉన్న తోటల మీద పందిరి వేసి టెంచాకు మళ్లించవచ్చు గానీ, దాన్ని ఎండబెట్టే బట్టీలు అన్నిచోట్లా లేవు. తోటలు చూసుకునే రైతుల్లో వృద్ధులే ఎక్కువ. అందువల్ల ఈ కొరత ఒక్క ఏడాదిలో తీరేదని నేను అనుకోవడం లేదు.

మాకు సరుకు పంపే వ్యాపారి ఈసారి మేము అడిగిన దానిలో మూడో వంతు మాత్రమే, అదీ దాదాపు రెట్టింపు ధరకు ఇవ్వగలనన్నారు. ఇరవై ఏళ్లుగా కొంటున్న జపాన్‌ తేనీటి గురువులకు ముందుగా ఇచ్చి, మిగిలింది నిన్నగాక మొన్న వచ్చిన నాలాంటి వారికి ఇవ్వడం న్యాయమేనని నాకూ అనిపించింది. ఆ ధర మీద మన దేశపు భారీ దిగుమతి సుంకం, విమాన రవాణా ఖర్చు కలిస్తే ఒక్క డబ్బా 3,400 రూపాయలకు అమ్మాల్సి వస్తుంది. అందుకని ఉజీ డబ్బాను నిలిపివేస్తున్నాం. అదే పేరు ఉంచి లోపల తక్కువ రకం కలపడం చాలా సులువు. ఉజీ టీ అనే పేరుకు క్యోటో వర్తకులు 2004లో ఇచ్చుకున్న నిర్వచనం ప్రకారమే క్యోటోతో పాటు నారా, షిగా, మియే జిల్లాల ఆకు కూడా ఆ పేరులో ఇమిడిపోతుంది, క్యోటోలో శుద్ధి చేస్తే చాలు. అది వారి ప్రాంతీయ సంప్రదాయం, అందులో మోసమేమీ లేదు. కానీ ఇంతకాలం మా డబ్బా మీద 'ఉజీ' అని చూసి, ఆకు అచ్చంగా ఆ ఊరి తోటల్లోనే పండిందని మీలో కొందరు అనుకున్నారు. నేను సరిదిద్దలేదు. మా పాత డబ్బాల్లోని ఆకులో ఎక్కువ భాగం వజుకాది.

డబ్బా మీద ఇకపై కనిపించని మరో మాట 'సెరిమోనియల్‌ గ్రేడ్‌'. జపాన్‌లో ఈ మాటకు చట్టపరమైన నిర్వచనం ఏదీ లేదు. విదేశాల్లో అమ్మకం కోసం పుట్టి, పోటీలో అందరూ వాడక తప్పని మాట అయింది. నేనూ నాలుగేళ్లు వాడాను. అక్కడి టీ సంస్థలు నాణ్యతను చెప్పే తీరు వేరు. రకరకాల తోటల టెంచాను కలిపి ఏటా ఒకే రుచి రప్పించే విద్యను గోగుమి అంటారు. ఆ కలపడంలోని నేర్పునే వారు ఎక్కువగా గౌరవిస్తారు. ఒక్కో మిశ్రమానికి ఒక పేరు పెట్టి, అది కోయిచాకు తగినదా, ఉసుచాకు తగినదా అన్నది చెబుతారు. ఉసుచా అంటే సుమారు 2 గ్రాముల పొడిని 60, 70 మిల్లీలీటర్ల నీటిలో వెదురు కవ్వంతో నురుగు వచ్చేలా చిలికే పలుచటి టీ. కోయిచాలో పొడి రెట్టింపు, నీళ్లు దాదాపు సగం. చిలకరు, తేనెలా చిక్కగా మెదుపుతారు. అతిథులు ఒకే గిన్నెలోంచి ఒకరి తర్వాత ఒకరు తాగుతారు. అంత చిక్కదనంలో ఏ చేదూ దాగదు కాబట్టి కోయిచాకు నిలిచిన పొడే అసలైన మేలు రకం. 1191లో ఎయ్‌సాయ్‌ అనే బౌద్ధ భిక్షువు చైనా నుంచి ఈ తాగే పద్ధతిని తెచ్చారు. 16వ శతాబ్దంలో తేనీటి గురువు సెన్‌ నో రిక్యూ దానికి ఇప్పటి రూపం ఇచ్చిన నాటి నుంచి, పొడిని పరీక్షించింది ఆ గిన్నెలోనే. ఇకపై మా డబ్బా మీద ఆకు పండిన జిల్లా, మొక్క రకం, కోత నెల, తిరగలి రకం, ఇక్కడ నింపిన తేదీ ఉంటాయి. కోయిచాకు పనికిరాని పొడిపై ఆ సంగతి కూడా రాస్తాం.

కొత్తగా తెస్తున్నది దక్షిణాన ఉన్న కగోషిమా జిల్లా మాచా. జపాన్‌లో తేయాకు అంటే షిజువోకా జిల్లానే అనుకునే రోజులు పోయి, 2024లో ముడి టీ ఉత్పత్తిలో కగోషిమా మొదటి స్థానానికి వచ్చింది. నేల చదునుగా ఉంటుంది, కోత యంత్రంతో జరుగుతుంది, వెచ్చటి ప్రాంతం కాబట్టి కోత ముందుగా వస్తుంది. సకురజిమా అగ్నిపర్వతం బూడిద రాలే చోట్ల కోసిన ఆకును కడగడానికి యంత్రాలు కూడా ఉన్నాయి. నేను ఎంచుకున్నది సయెమిదోరి, ఒకుమిదోరి అనే రెండు రకాల మొదటి కోత మిశ్రమం. దీనికోసం ఏడు నమూనాలు తెప్పించి, పదకొండు రోజులు రోజూ ఉదయం ఏమీ తినకముందు, తెల్ల గిన్నెల్లో, 75 డిగ్రీల నీటితో చిలికి తాగాను. నాలుగు నమూనాల్లో రంగు ఎంతో బాగుండి, చల్లారాక గొంతులో వగరు పట్టింది. కళ్లతో మాత్రమే కొని ఉంటే ఆ నాలుగింట్లో ఒకటి తెచ్చి ఉండేవాణ్ణి. ఎంచుకున్న పొడి ఉజీ డబ్బా అంత లోతైనది కాదు. సముద్రపు నాచును తలపించే ఆ వాసన ఇందులో పలుచన, మింగాక నిలిచే రుచి కొంత తొందరగా పోతుంది. అయితే రంగు ప్రకాశంగా ఉంటుంది, చేదు తక్కువ, రోజూ ఉసుచా తాగేవారికి హాయిగా ఉంటుంది. కోయిచాకు దీన్ని వాడవద్దు.

దీని ధర 30 గ్రాములకు 1,950 రూపాయలు. పాత ఉజీ డబ్బా 1,650 ఉండేది. అంటే రుచిలో ఒక మెట్టు తగ్గిన సరుకుకు 300 రూపాయలు ఎక్కువ అడుగుతున్నాను. పాత డబ్బా మీద ఖర్చులు పోను 310 రూపాయలు మిగిలేవి, దీని మీద 240 మిగులుతాయి. పాలతో కలుపుకునే 100 గ్రాముల సంచి 1,800 నుంచి 2,400 అవుతుంది. అందులో రెండో కోత ఆకు ఉంటుంది, తిరగలితో కాక, దొర్లే గుండ్లతో నలిపే బాల్‌ మిల్లుతో చేసిన పొడి. పాలూ పంచదారా కలిసే చోట తిరగలి పొడికి డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. కొంత వగరు ఉన్న పొడే పాలల్లో నిలబడుతుంది. ఇరానీ చాయ్‌ ఊళ్లో పెరిగినవాణ్ణి, పాలు కలుపుకోవడాన్ని తక్కువగా చూసే ఉద్దేశం నాకు లేదు.

ఆరోగ్యం గురించి మా పాత కరపత్రంలో బరువు తగ్గుతుందని ఒక వాక్యం ఉండేది. తీసేశాం. మీకు నిజంగా పనికొచ్చే సంగతులు వేరే ఉన్నాయి. ఆకును వడగట్టకుండా మొత్తం తాగుతాం కాబట్టి కెఫీన్‌ చెప్పుకోదగినంత ఉంటుంది, రాత్రిపూట తాగితే నిద్ర పట్టకపోవచ్చు. టీలోని కాటెకిన్లు శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. రక్తహీనత ఉన్నవారు భోజనంతో కలిపి తాగకుండా గంట, రెండు గంటలు ఎడం పాటించడం మంచిది.

డబ్బాను తెరిచాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకుని, నెలా రెండు నెలల్లో వాడేయండి. తీసిన ప్రతిసారీ గది వేడికి వచ్చాకే మూత తెరవండి. మేము జూలైలో చేసిన తప్పు మీ వంటింట్లో జరగకూడదు. పొడిని చిన్న జల్లెడ పట్టి, మరిగిన నీటిని మరో గిన్నెలోకి పోసి కొంత చల్లార్చి వాడితే ఉండలూ చేదూ రెండూ తగ్గుతాయి.

ఏప్రిల్‌ లాటు ఉజీ డబ్బాలు ఇంకా 22 ఉన్నాయి. పాత ధరకే, ఇంటికి ఒకటి చొప్పున ఇస్తాం. జూలై డబ్బా కొన్నవారికి వచ్చే శనివారం దాకా వాటిని పక్కన పెట్టి ఉంచుతున్నాను, డబ్బు బదులు అదే కావాలంటే రాయండి. కగోషిమా సరుకు కస్టమ్స్‌ దాటి చేరింది, సంచులు ఇంకా తెరవలేదు. ఈ వారం వానలు తెరిపినిస్తే సోమవారం నుంచి డబ్బాల్లో నింపుతాం.