కాలనీ పార్కు సీతాకోకల తోట: జమా ఖర్చుల వివరణ (జూలై నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు)

కాలనీ వాసులందరికీ నమస్కారం. ఈ లెక్కలు సంక్రాంతికే ఇస్తామన్నాం, ఇవ్వలేకపోయాం. ఆ ఆలస్యం మాదే. "కరివేపాకు మొక్కలు రెండుసార్లు ఎందుకు కొన్నారు?", "పురుగులకు గది కట్టడమేమిటి?" అని వాట్సాప్ గ్రూపులో అడిగినవారికీ, అడగకుండా మనసులో అనుకుంటున్నవారికీ కలిపి ఇదే జవాబు.

ముందు జమ. చందా ఇంటికి రూ. 1,000 చొప్పున 62 ఇళ్ల నుంచి రూ. 62,000. ఇక్కడి ఇళ్లు అద్దెకిచ్చి బయటి దేశంలో ఉంటున్న ఇద్దరు అడగకుండానే పంపినది రూ. 15,000. వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. వినాయక చవితి పందిరి ఖాతాలో మిగిలింది రూ. 9,400. పార్కులోని విరిగిన ఇనుప బెంచీలు తూకానికి అమ్మగా వచ్చింది రూ. 3,850. బ్యాంకు వడ్డీ రూ. 212. మొత్తం రూ. 90,462. ప్రతి పైసాకూ రసీదు ఉంది. ఇస్తామని జూన్ మీటింగులో చెయ్యెత్తినవి 74 ఇళ్లు. 12 ఇళ్ల రూ. 12,000 ఇంకా రావాలి. పేర్లు రాయడం లేదు.

ఖర్చుల్లో ఎవరూ పేచీ పెట్టనివి ఇవి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, గుంతల కూలీ కలిపి రూ. 11,200. కడియం నుంచి మొక్కలు తెచ్చిన బండి రూ. 2,500. 500 లీటర్ల ట్యాంకు, డ్రిప్ పైపులు రూ. 8,760. తోటమాలికి నెలకు రూ. 2,500 చొప్పున 8 నెలలకు రూ. 20,000. బోర్డులు, రసీదు పుస్తకాలు, పని రోజుల్లో టీలు రూ. 2,340.

మొదటి విడత మొక్కలకు రూ. 14,640 అయింది. కరివేపాకు 40కి రూ. 2,400. నిమ్మ 12కి రూ. 1,800. మారేడు 4, వెలగ 2 కలిపి రూ. 1,200. ఇవన్నీ నిమ్మ కుటుంబానివే. నిమ్మ సీతాకోక, కామన్ మార్మన్ గుడ్లు పెట్టేది వీటి మీదే. (రెండూ తోక సీతాకోకల కుటుంబమే గానీ నిమ్మ సీతాకోకకు తోక ఉండదు. పిల్లలు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాం.) పచ్చచుక్కల టెయిల్డ్ జే సీతాకోక కోసం అశోక 6, రూ. 1,500, సంపెంగ 3, రూ. 1,140. గేటు దగ్గర పాత అశోకలు ఉండగా మళ్లీ ఎందుకన్నారు. టెయిల్డ్ జే లేత ఆకు మీద గుడ్డు పెడుతుంది. పాత చెట్లకు చిగురంతా ఇరవై అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కడ పెట్టిన గుడ్డు మనకు కనబడదు, అందదు. తేనె కోసం నూరువరహాలు 30కి రూ. 2,700, పెంటాస్ 60కి రూ. 2,100. ఇక కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ సీతాకోకల కోసం ఈశ్వరి తీగ పేరుతో కొన్నవి 6, రూ. 1,800.

ఆ రూ. 1,800 పోయినట్టే. ఒక నర్సరీ బిల్లు మీద "ఈశ్వరి" అని రాసి మరీ ఇచ్చింది. మొగ్గ విచ్చాక చూస్తే అరచేయంత పువ్వు, ఊదా గోధుమ మచ్చలు. అది అందానికి పెంచే విదేశీ తీగ. అసలు ఈశ్వరి ఆకు సన్నగా, పొడవుగా ఉంటుంది. పువ్వు చిటికెన వేలంత, లేత ఆకుపచ్చలో ఊదా ఛాయ. విదేశీ తీగకు మాత్రం ఆకు గుండ్రంగా, తమలపాకులా వెడల్పుగా ఉంటుంది. కాయ చూసి పోల్చుకోలేరు, రెంటికీ ఉట్టిలా వేలాడుతుంది. పేరులో ఏముంది, ఉంచేయకూడదా అన్నారు. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద సీతాకోక ఈ తీగను తనదనుకుని గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు ఆకు తిని చచ్చిపోతాయి. మన కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్‌లతో ఆ ప్రయోగం చేయడం ఇష్టంలేక ఆరూ పీకించాం. నర్సరీ డబ్బు వాపసు ఇవ్వలేదు. పువ్వు చూడకుండా కొనడం మా తప్పే, ఒప్పుకుంటున్నాం.

ఇప్పుడు కరివేపాకు. రెండో విడత 25 మొక్కలు రూ. 1,000, అసలు ఈశ్వరి 10 మొక్కలు రూ. 2,200, ఆటో రూ. 600, వెరసి రూ. 3,800.

మొదటి 40 మొక్కలు చూడ్డానికి నిగనిగలాడుతూ వచ్చాయి. నిగనిగే అనుమానించాల్సింది. ఆగస్టులో పరీక్షకని ఒక మొక్క మీద రెండు నిమ్మ సీతాకోక పురుగుల్ని వదిలాం. రెండో రోజుకు రెండూ ఒళ్లు ముడుచుకుని, పచ్చటి నీరు కక్కుకుని కుండీలో పడి ఉన్నాయి. ఇంకో మూడు మొక్కల మీదా అంతే. వేరు నుంచి ఆకు దాకా పాకే రకం మందు వేసి పెంచిన మొక్కలవి. ఇది పైన చల్లిన మందు కాదు, కడిగితే పోదు. అప్పుడు రెండు దార్లున్నాయి. మొక్కల్ని పారేయడం, లేదా మందు దిగేదాకా ఆగడం. పారేయలేదు. కుండీల మట్టి మార్చి, మొక్కను సగానికి కత్తిరించి, ముదురాకు దూసేసి, రెండుసార్లు కొత్త చిగురు వచ్చేదాకా పురుగును దగ్గరికి రానివ్వలేదు. దక్షిణం గోడ వెంట వరుసగా ఉన్నవి అవే. అన్నీ బతికాయి. జనవరిలో వాటి మీద మార్మన్ గుడ్లు కనిపించాయి. మధ్యలో ఉన్న నాలుగు నెలలకు మందు తగలని మొక్కలు కావాలి గదా, ఆ 25 అందుకు. విత్తనం నుంచి ఇంటి పెరట్లో పెంచేవారి దగ్గర కొన్నాం.

పెరటి చెట్ల పిలకలు ఉచితంగా ఇస్తామన్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. లెక్కకు 20 పిలకలు రావాలి, 7 వచ్చాయి. మిగతావి వచ్చి ఉంటే ఈ వెయ్యి రూపాయలు ఖర్చయ్యేది కాదు. వచ్చే ఏడు కొనం. కరివేప పండు నల్లబడగానే గుజ్జు కడిగి ఆ రోజే నాటితే మొలుస్తుంది. ఎండబెట్టి డబ్బాలో దాస్తే మొలవదు, ఎవరూ అలా దాచి ఇవ్వకండి.

"ఆకులు పురుగులు తిన్నాయి, డబ్బులెవరు తిన్నారు?" అని ఒకరు గ్రూపులో సరదాగా పెట్టారు. సరదాగానే తీసుకున్నాం. కానీ ఈ తోటలో ఆకు తినబడకపోతేనే డబ్బు దండగ. అడుగున్నర కరివేపాకు మొక్క రెండు మూడు పెద్ద పురుగుల్ని మించి భరించదు. పుట్టినప్పుడు పిట్టరెట్టలా ఉండే పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి ఆకుపచ్చగా మారాక, ఆఖరి నాలుగైదు రోజుల్లో అంతకుముందు తిన్నదానికి ఎన్నో రెట్లు తింటుంది. అందుకే పది మొక్కలు మేతకుంటే పదిహేను కోలుకుంటూ ఉండాలి. మోడుగా కనిపించేవి చచ్చినవి కావు, నీళ్లు పోస్తే నెలలో చిగురిస్తాయి. దయచేసి జాలిపడి వాటి మీద వేపనూనె కొట్టకండి. ఒకసారి కొట్టారు. ఇంకో మాట. వీటికి నూగు లేదు, దురద రాదు. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జంట బయటపెట్టి పుల్లటి ఘాటు వాసన కొడుతుంది, అంతే.

ఇక వల గది. రూ. 26,350. అన్నిటికన్నా పెద్ద ఖర్చు, అన్నిటికన్నా ఆలస్యమైనది. జీఐ పైపులు రూ. 11,800, వల రూ. 6,900, వెల్డింగు కూలీ రూ. 5,500, రెండు తలుపులు రూ. 2,150.

గది ఎందుకంటే, బయట పెట్టిన గుడ్లలో సీతాకోకగా ఎగిరేవి బహు కొద్ది. చీమలు, సాలీళ్లు, తొండలు, పిగిలిపిట్టలు ఒక ఎత్తు. పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే ఈగలు, ప్యూపాను (పురుగు సీతాకోకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) లోపల్నుంచి తినేసే చిన్న కందిరీగలు ఇంకో ఎత్తు. సగం ధరకు పచ్చ షేడ్‌నెట్ వస్తుంది గదా అన్నారు. దాంతో వెలుతురు తగ్గి కరివేపాకు సన్నగా సాగుతుంది, దాని కన్నుల్లోంచి కందిరీగలు సుఖంగా దూరుతాయి. మేం వేసింది అంగుళానికి 40 కన్నుల తెల్ల వల. ఇదీ అన్నిటినీ ఆపదు. గుడ్డులోనే గుడ్డు పెట్టే కందిరీగ అర మిల్లీమీటరు ఉంటుంది, అది దీంట్లోంచీ వస్తుంది. రెండు తలుపులు దర్జాకు కాదు. ఒకటి మూసుకున్నాకే రెండోది తీస్తే లోపలివి బయటికి, బయటి ఈగలు లోపలికి పోవు. కుండీల బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు చీమల కోసం. ఆ నీళ్లు పిల్లలు పారబోస్తున్నారు, పెద్దలు చూసుకోవాలి.

ఆలస్యం సంగతి. ఆగస్టులో రూ. 10,000 అడ్వాన్సు ఇచ్చాం, దసరాకు అవ్వాలి. గోతుల్లో వాన నీళ్లు నిలిచి కాంక్రీటు పోయడం రెండుసార్లు వాయిదా పడింది. తర్వాత వెల్డరు పెళ్లి పందిళ్ల పనుల్లో పడ్డాడు. కార్తీకం దాటాక పూర్తయింది. వానల తర్వాతి మంచి సీజను చేజారింది, కాదనం. అడ్వాన్సు తక్కువ ఇచ్చి ఉండాల్సింది.

జనవరి, ఫిబ్రవరిలో గదిలోకి తెచ్చిన గుడ్లు 31. ఎగిరిన సీతాకోకలు 22. ఐదు గుడ్లు బొగ్గులా నల్లబడి పురుగుకు బదులు కందిరీగలు వచ్చాయి. రెండు పురుగులు కుబుసం విడుస్తూ చచ్చిపోయాయి. ఆ సమయంలో ఎవరో కదిపి ఆకు మార్చారు. రెండు ప్యూపాలు నడుముకు చుట్టుకునే పట్టుదారం తెగి కింద పడ్డాయి. పడినదాన్ని పుల్లకు దారంతో కట్టి నిలబెడితే బతుకుతుంది, రెక్కలు ఆరబెట్టుకోవడానికి దానికి పట్టు కావాలి. ఆ రెంటిలోంచి వచ్చిన సీతాకోకలు మేం చూసేసరికి తడి నేల మీద రెక్కలు ముడతపడి ఉన్నాయి.

ఈశ్వరి తీగలు పది బతికాయి, ఎండలకు పైన ఎండిపోయినా దుంప నుంచి మళ్లీ వస్తాయి, పీకకండి. పాముకాటు మందని కొందరు ఆకు కోసుకెళ్తున్నారు. అందులోని ఆమ్లం మనిషి మూత్రపిండాలను పాడుచేస్తుంది. పురుగుకు మాత్రం అదే రక్ష, ఆ విషం వల్లే పిట్టలు దాన్ని ముట్టవు. ఎర్ర ఒంటి కామన్ రోజ్ వచ్చిందని ఫిబ్రవరిలో పంపిన ఫోటోలు మాత్రం రోజ్‌వి కావు. ఒళ్లు నల్లగా ఉంది, అది రోజ్ వేషం వేసిన ఆడ మార్మన్.

మొత్తం ఖర్చు రూ. 89,590. నిల్వ రూ. 872. మార్చి నెల తోటమాలి జీతం రూ. 2,500 ఈ నిల్వలో రాదు. బకాయి ఉన్న 12 ఇళ్లలో ఇద్దరు ఇచ్చినా ఈ నెల గడుస్తుంది. వోచర్లు, బిల్లులు (ఆ ఈశ్వరి బిల్లుతో సహా) కోశాధికారి గారింట్లో ఆదివారం ఉదయం 9 నుంచి 11 దాకా ఎవరైనా చూడవచ్చు. దోమల పొగ బండి వచ్చే రోజు వల గది మీద కప్పడానికి పాత టార్పాలిన్ ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి ఇవ్వగలరు, దానికి డబ్బు లేదు.

సీతాకోకల తోట కమిటీ తరఫున,
కార్యదర్శి, కోశాధికారి
రాజమహేంద్రవరం