పరీక్ష తేలికైంది సరే, నేర్పేదెవరు?

గౌరవనీయులైన సంపాదకులకు,

అభిరుచి కొద్దీ సొంత సెట్టుతో ఇతరులతో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో, అంటే హ్యామ్ రేడియో, లైసెన్సు పరీక్షలను ఒక్కో దేశమూ తేలిక చేస్తూ పోవడం వల్ల హ్యామ్ రేడియో తన ప్రమాణాలను కోల్పోయిందంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులోని ఆవేదన నాకు అర్థమవుతుంది, కొంతవరకు నాదీ అదే ఆవేదన. కానీ వ్యాసకర్త దోషమంతా, అక్షరాలను చుక్కలూ గీతలుగా పంపే మోర్స్ కోడ్ పరీక్ష రద్దు మీదికి నెట్టి ఊరుకున్నారు. కొత్తగా కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) తెచ్చుకున్నవారితో తరచు మాట్లాడే లైసెన్సుదారుగా నాకు కనిపిస్తున్న లోపం వేరే చోట ఉంది. పరీక్షను తేలిక చేసిన ప్రభుత్వాలు, అంతకుముందు ఆ పరీక్ష చాటున దానంతటదే జరిగిపోతూ వచ్చిన శిక్షణను ఎవరికీ అప్పగించలేదు.

మోర్స్ పరీక్షను మొదట ఎందుకు పెట్టారో గుర్తు చేసుకుంటే, దాన్ని ఎందుకు తీసేయాల్సి వచ్చిందో కూడా తెలుస్తుంది. 30 మెగాహెర్ట్జ్‌కు దిగువనున్న తరంగాలు వాతావరణపు పై పొర అయిన అయనావరణంలో వంగి మళ్లీ నేలకు చేరి ఖండాలు దాటిపోతాయి. ఓడలు ఆపద సంకేతాలను మోర్స్‌లోనే పంపుకున్న కాలంలో, ఆ పౌనఃపున్యాలలో ప్రసారం చేసే ప్రతి వ్యక్తికీ మోర్స్ తెలిసి ఉండాలని, ఎక్కడైనా అడ్డు తగిలితే తప్పుకొమ్మనే ఆదేశం అతనికి అర్థం కావాలని అంతర్జాతీయ నిబంధన ఆశించింది. సముద్రయానమే 1999 ఫిబ్రవరి నాటికి ఉపగ్రహ, డిజిటల్ ఆపద వ్యవస్థకు పూర్తిగా మారిపోయాక ఆ కారణం మిగల్లేదు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమాచార సదస్సు ఆ నిబంధనను ఎత్తివేసి, మోర్స్ పరీక్ష పెట్టుకోవాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోవాలంది. బ్రిటన్, జర్మనీ అదే ఏడాది పరీక్షను వదులుకున్నాయి. అమెరికా 2007 ఫిబ్రవరిలో పూర్తిగా వదిలింది.

వ్యాసకర్త చెప్పని సంగతి ఒకటుంది. అదే సదస్సు, లైసెన్సు కోరేవారి నిర్వహణ సామర్థ్యాన్నీ సాంకేతిక పరిజ్ఞానాన్నీ ప్రభుత్వాలు పరిశీలించాలని కూడా చెప్పింది. నిబంధనలు, సంభాషణ పద్ధతులు, రేడియో సిద్ధాంతం, విద్యుత్ భద్రత, ఇతరుల ప్రసారాలకు అడ్డు రాకుండా చూసుకోవడం వంటి అంశాలతో కనీస పాఠ్యప్రణాళిక అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సుల్లోనే ఉంది. అంటే మోర్స్‌ను తప్పించినవారు తలుపులు బార్లా తెరవమనలేదు. ఇక మోర్స్ సంగతంటారా, పరీక్ష పోయినా అది పోలేదు. మాట్లాడే ప్రసారానికి 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ వెడల్పు కావాల్సిన చోట మోర్స్‌కు 150 హెర్ట్జ్ దరిదాపుల్లో సరిపోతుంది కనుక, ఐదు వాట్ల చిన్న సెట్టుతోనూ ఖండాంతరాలను అందుకోవాలనుకునే కుర్రకారు దాన్ని ఈరోజుకీ ఇష్టపడి నేర్చుకుంటున్నారు. నిమిషానికి ఐదు పదాల పరీక్ష గండం గట్టెక్కగానే మోర్స్ కొట్టే కీని అటకెక్కించినవారు పాత తరంలో ఎందరున్నారో ఆ తరంవారికి నేను చెప్పనక్కర్లేదు.

పరీక్ష తేలికైతే జనం వచ్చిపడతారన్న ఎదుటి పక్షం వాదన కూడా నిలవదు. జపాన్‌లో మోర్స్ అక్కర్లేని నాలుగో తరగతి లైసెన్సు చాలాకాలం నుంచే ఉంది. దాని ఆసరాతో అక్కడి స్టేషన్ల సంఖ్య 1990ల మధ్యనాటికి 13 లక్షలు దాటి ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాత పరీక్ష ఏమీ కష్టం కాకపోయినా ఆ సంఖ్య మూడో వంతుకు పడిపోయింది. దూరాన ఉన్న స్నేహితుడితో నాలుగు మాటలు మాట్లాడుకోవడం కోసమే సెట్టు కొన్నవారికి చేతిలోకి మొబైల్ ఫోన్ రాగానే రేడియోతో పని తీరిపోయింది. అమెరికాలో లైసెన్సుల సంఖ్య ఏడు లక్షలకు పైనే ఉందని సంబరపడేవారు, అక్కడి లైసెన్సు గడువు పదేళ్లన్న సంగతి మరవకూడదు. ఏంటెన్నా దించేసినవారూ ఆసక్తి చచ్చినవారూ గడువు తీరేదాకా ఆ జాబితాలో సభ్యులుగానే ఉంటారు. బ్రిటన్‌లో 2006 చివరి నుంచి లైసెన్సు జీవితకాలానిది, కాబట్టి అక్కడి లెక్కను చదివేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి.

అసలు పోయిందేమిటో ఇప్పుడు చెబుతాను. మోర్స్ పరీక్ష ఉన్న రోజుల్లో ఒంటరిగా కూర్చుని దాన్ని దాటడం కష్టం. ఎవరో ఒకరు రోజూ సాయంత్రం కీ కొట్టి వినిపించాలి, కనుక నేర్చుకునేవాడు ఎవరో ఒక అనుభవజ్ఞుడి గదికి వెళ్లక తప్పేది కాదు. అక్కడ చుక్కలూ గీతలతో పాటు మరెన్నో విషయాలు అడగకుండానే చెవిన పడేవి. మాట్లాడే ముందు ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో వినడం, పిలిచాక ఎదుటివారికి వ్యవధి ఇవ్వడం, ఏంటెన్నాను సరిచేయకుండా పవర్ పెంచకపోవడం, పిడుగులు పడే వేళ కేబుల్ ఊడదీయడం అన్నీ అలా వచ్చినవే. నేటి అభ్యర్థికి ఆ గడప తొక్కాల్సిన పనిలేదు. అమెరికాలో మొదటి మెట్టు పరీక్షకు 35 ప్రశ్నలు, 26 సరైతే ఉత్తీర్ణత. ఆ ప్రశ్నలన్నీ ముందే ప్రచురించిన ప్రశ్నల నిధి నుంచే వస్తాయి. ఫోన్‌లో ఆ నిధిని తిరగేస్తూ జవాబులు బట్టీ పట్టి కూడా నెగ్గవచ్చు. ప్రశ్నలను బహిరంగంగా ఉంచడాన్ని నేను తప్పు పట్టను, దాచిపెట్టడం వల్ల ఒరిగేదీ లేదు. కానీ నెగ్గిన మర్నాడు ఏం చేయాలో ఆ నిధిలో ఉండదు.

ఆ మర్నాడు జరిగేది నేను చాలాసార్లు విన్నాను. కొత్త లైసెన్సుదారు చేతిసెట్టు తెచ్చుకుని రిపీటర్ (చిన్న సెట్ల సంకేతాన్ని అందుకుని దూరానికి తిరిగి ప్రసారం చేసే స్టేషన్) మీద తన కాల్ సైన్ ఒకసారి పలుకుతాడు. ఎవరూ బదులివ్వరు. వినేవాళ్లు లేక కాదు, కొత్త గొంతును పలకరించే అలవాటు పోయింది. నాలుగు రోజులు అలా పిలిచి సెట్టును సొరుగులో పెట్టేస్తాడు. మరొకరు ఖండాలు దాటే తరంగాలతో పనిచేసే హెచ్‌ఎఫ్ సెట్టు కొని, మైక్ గెయిన్ (మైకు ధ్వని స్థాయి) ఎంత పెంచితే గొంతు అంత దూరం పోతుందనుకుని చివరిదాకా తిప్పుతారు. ప్రసార స్థాయి మితిమీరిందేమో చూపే ఏఎల్‌సీ సూచిక హద్దు దాటి కొట్టుకుంటూ ఉంటుంది, ప్రసారం అటూఇటూ పాకి పక్కనున్న సంభాషణలను చెరిపేస్తుంది. విసిగిన పెద్దలు తిడతారే తప్ప గెయిన్ తగ్గించమని నిదానంగా చెప్పేవారు తక్కువ. కంప్యూటర్ల సాయంతో చిన్న సందేశాలు పంపుకునే, 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలోనూ ఇదే తంతు. కంప్యూటర్ నుంచి సెట్టుకు వెళ్లే ధ్వని స్థాయిని సరిచూసుకోని స్టేషన్ అవసరం లేని చోటల్లా నకలు సంకేతాలను చిమ్ముతుంది. సరిచేయడానికి అరనిమిషం చాలు, కాకపోతే చూపించే మనిషి పక్కన ఉండాలి.

ఈ విషయంలో బ్రిటన్ ఒక మంచి దారి తొక్కింది. 2002లో అక్కడ ప్రవేశపెట్టిన ఫౌండేషన్ లైసెన్సుకు పవర్ పది వాట్లే, రాతపరీక్ష చిన్నదే, అయితే అభ్యర్థి పర్యవేక్షకుడి ఎదుట సెట్టు కలిపి, ట్యూన్ చేసి, నిజమైన సంభాషణ జరిపి చూపాలి. కోవిడ్ వల్ల 2020లో ఇంటి నుంచే ఆన్‌లైన్ పరీక్ష మొదలైనప్పుడు ఆ ప్రాక్టికల్‌ను పక్కన పెట్టారు. ఊళ్లు దాటి వెళ్లలేని వికలాంగులకూ మారుమూల ప్రాంతాలవారికీ ఆన్‌లైన్ పరీక్ష పెద్ద మేలు చేసింది, దాన్ని వెనక్కి తీసుకోమని ఎవరూ కోరకూడదు. కానీ చేత్తో చేసి చూపే భాగం దూరమైతే ఎంత నష్టమో వేరే చెప్పాలా?

ఇటీవలి మార్పులు ఇంకా ముందుకు వెళ్లాయి. 2024లో బ్రిటన్ ఫౌండేషన్ పరిమితిని 25 వాట్లకు, పూర్తి లైసెన్సు పరిమితిని 1,000 వాట్లకు పెంచింది. అదే ఏడాది జర్మనీ కొత్తవారి కోసం ఎన్ తరగతిని తెచ్చింది. ఆస్ట్రేలియా విడివిడి లైసెన్సులూ వాటి రుసుములూ తీసేసి అర్హులందరినీ ఒకే ఉమ్మడి లైసెన్సు కిందికి చేర్చింది. వీటిలో చాలావరకు నాకు సమ్మతమే. అయితే నియంత్రణ సంస్థ తన పనిని తగ్గించుకున్న ప్రతిసారీ ఆ బరువు లైసెన్సుదారు మీదికే వచ్చి పడుతోంది. మన ఏంటెన్నా దగ్గర నిలబడినవారికి రేడియో తరంగాల వల్ల హాని లేదని బ్రిటన్‌లో ఇప్పుడు లైసెన్సుదారే లెక్కగట్టి చూసుకోవాలి. 1,000 వాట్లతో ఆ లెక్క తప్పితే పర్యవసానం కాగితం మీద ఉండదు.

దీన్ని అభిరుచిపరుల ఇంటి గొడవగా కొట్టిపారేయడానికి వీల్లేదు. స్పెక్ట్రమ్, అంటే రేడియో పౌనఃపున్యాల శ్రేణి, ఖరీదైన ప్రజా వనరు, దాని మీద అందరి కన్నూ ఉంది. 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండును విమానయాన అవసరాలకు పరిశీలించాలని ఫ్రాన్స్ 2019లో యూరప్ దేశాల ముందు ప్రతిపాదించింది. ఆ ప్రయత్నం ముందుకు సాగకపోవడం అదృష్టమే. 1,240–1,300 మెగాహెర్ట్జ్ దగ్గర గెలీలియో వంటి దిక్సూచి ఉపగ్రహాల రిసీవర్లకు అమెచ్యూర్ ప్రసారాలు అడ్డు రాకూడదని 2023 ప్రపంచ సదస్సు దాకా చర్చ నడిచింది. అడ్డు రాకుండా పనిచేయడం తెలిసినవారు ఎక్కువగా ఉంటేనే ఇలాంటి చోట్ల మన మాటకు విలువ. విపత్తుల్లో హ్యామ్‌లు అక్కరకొస్తారన్న వాదనకూ ఇదే వర్తిస్తుంది. 2004 డిసెంబర్ సునామీ వేళ, ప్రత్యేక అనుమతితో అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హ్యామ్ బృందం సమాచారం చేరవేయగలిగిందంటే, ఆ బృందంలోనివారికి సెట్టు ముందు ఏళ్ల అలవాటు ఉంది.

అలాగని కఠిన పరీక్షల కాలానికి తిరిగి వెళ్లమని నేను అనను. జనాన్ని చదివించాలన్న పేరుతో, అప్పటికే ఉన్న అనుమతులకు కోత పెట్టి, పై పరీక్షలు రాస్తేనే తిరిగి ఇస్తామన్న పద్ధతిని అమెరికా 1968లో అమలు చేసి చూసింది. దాని చేదు ఆ తరం హ్యామ్‌ల మాటల్లో చాలా ఏళ్లు వినిపించింది. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం అమెచ్యూర్ సేవ ఉద్దేశాల్లో మొదటిది స్వీయ శిక్షణ. కాబట్టి అన్నీ వచ్చినవాడికే లైసెన్సు అనడం ఆ నిర్వచనానికే విరుద్ధం.

నియంత్రణ సంస్థలకు నా సూచన ఒకటే. ప్రవేశ పరీక్షను ఇప్పుడున్నంత తేలికగానే ఉంచి, తక్కువ పవర్‌తో అనుమతి ఇవ్వాలి. ఆపై పవర్ పెంచడానికి మరో రాతపరీక్షతో పాటు, అనుభవజ్ఞులైన ఇద్దరు లైసెన్సుదారుల సమక్షంలో జరిపిన కొన్ని సంభాషణల లాగ్‌బుక్‌ను వారి సంతకాలతో చూపే మార్గం కూడా తెరవాలి. దీనికి కొత్త చట్టం అవసరం రాదు, ఖర్చూ లేదు. స్థానిక క్లబ్బులు తమ రిపీటర్ మీద వారానికి ఒక గంట కొత్తవారికే కేటాయించి, ఆ గంటలో పిలిచిన ప్రతి కాల్ సైన్‌కూ బదులిచ్చే బాధ్యతను ఒకరికి అప్పగిస్తే సంతకాలు పెట్టే ఆ ఇద్దరు ఎక్కడ దొరుకుతారన్న ప్రశ్న కూడా తీరుతుంది.

ఇట్లు,
ఒక అమెచ్యూర్ రేడియో లైసెన్సుదారు