స్కీములో చేరేముందు తరుగు అడుగు

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ నగల షాపు స్కీము కార్డు ఫొటో చూశాను. నెలకు 10,000 చొప్పున 11 నెలలు కడితే పన్నెండో నెల వాయిదా షాపువాళ్లే వేస్తారు, మొత్తం 1,20,000కు నగ తీసుకోవచ్చు, అంతే కదా. ఆఫీసులో నీ పక్క సీటు అమ్మాయి చేరిందని నీకూ చేరాలనిపించింది. ఫోన్‌లో లెక్కలు చెబితే రెండో నిమిషానికి "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదువు.

చేరొద్దని చెప్పను. కానీ ఆ ఉచిత వాయిదాని చూసి మాత్రం చేరకు.

అదే డబ్బు బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టావనుకో. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే, 11 వాయిదాలూ కట్టి ఏడాది చివరిదాకా ఆగితే నీకొచ్చే వడ్డీ నాలుగు వేల చిల్లర. షాపువాడు ఇచ్చేది పది వేలు. అంటే ఆరు వేలు ఎక్కువ. ఇక్కడిదాకా షాపువాడిదే పైచేయి, కాదనను. అసలు కథ నగ కొనే రోజు మొదలవుతుంది.

నీకు కావలసింది రెండు కాసుల గొలుసు, అంటే 16 గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము 10,000 అనుకుందాం. బంగారం విలువ 1,60,000. దాని మీద తరుగు, అంటే నగ చేసేటప్పుడు బంగారం వృథా అవుతుందని షాపువాడు శాతం లెక్కన వేసేది. ఒక షాపులో 9 శాతం, ఇంకో షాపులో అలాంటి గొలుసుకే 14 శాతం. మొదటి చోట 14,400, రెండో చోట 22,400. తేడా 8,000. ఆ ఎనిమిది వేల మీద కూడా 3 శాతం జీఎస్టీ పడుతుంది, ఇంకో 240. స్కీము వల్ల ఆర్‌డీ కంటే నీకు మిగిలింది ఆరు వేలు, తరుగులో పోయింది 8,240. పన్నెండు నెలలు ఆగి, షాపువాడికే రెండు వేలు ఎదురు ఇచ్చినట్టు.

తరుగు శాతం కార్డు మీద ఎక్కడుందో వెతికి చూడు. నేను ఫొటో పెద్దది చేసి చూశాను, లేదు. "షరతులు వర్తిస్తాయి" అని మాత్రం ఉంది.

మీ పిన్నికి నిరుడు జరిగింది ఇదే. షాపు పేరు రాయను. పన్నెండో నెల కార్డు పట్టుకుని వెళ్లాం ఇద్దరం. సేల్స్ అబ్బాయి కూల్‌డ్రింకు ఇప్పించి, మూడు ట్రేలు తీసి ముందు పెట్టాడు. పిన్నికి నచ్చినవన్నీ ఆ ట్రేల్లో కాకుండా వెనక అద్దాల్లో ఉన్నాయి. అవి చూపించమంటే చూపించాడు, తరుగు అడిగితే 18 శాతం అన్నాడు. "కార్డు వాడితే ఏమైనా తగ్గుతుందా?" అంటే, స్కీము కస్టమర్లకు బోనస్ ఇచ్చేశాం కాబట్టి తరుగులో డిస్కౌంట్ లేదమ్మా అన్నాడు. పక్క కౌంటర్లో కార్డు లేకుండా వచ్చినావిడ మాత్రం బేరమాడి మూడు శాతం తగ్గించుకుని వెళ్లింది! డబ్బు ముందే వాళ్ల చేతిలో ఉన్నాక మనకు లేచి వెళ్లిపోయే వీలు లేదు, అది ఆ అబ్బాయికీ తెలుసు. బేరంలో మన బలమంతా లేచి వెళ్లిపోగలగడంలోనే కదా ఉండేది.

తరుగు గురించి ఇంత పట్టుపట్టడానికి ఇంకో కారణం ఉంది. నేను అన్నేళ్లు బ్యాంకులో గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర కూర్చున్నాను. నగ తాకట్టుకు వస్తే అప్రైజరు (నగకు విలువ కట్టే అతను) రాళ్ల బరువు తీసేసి నికర బరువు రాస్తాడు, స్వచ్ఛత చూస్తాడు, అంతే. నువ్వు కట్టిన తరుగు, మజూరీ (చేత కూలి) అతని కాగితంలో ఎక్కడా ఉండవు. షాపులో 1,87,872 బిల్లయిన గొలుసు (పైన చెప్పిన 14 శాతం లెక్కే, జీఎస్టీతో కలిపి) బ్యాంకు కంటికి 1,60,000 బంగారమే.

మీ అన్నయ్యతో మొన్న ఇదే మాట్లాడుతుంటే డాలస్ వెళ్లిన కొత్తలో తను టీవీ కొన్న సంగతి చెప్పాడు. అప్పటికి వాడికి క్రెడిట్ కార్డు లేదు. వాల్‌మార్ట్‌లో 'లేఅవే' అని ఉండేదట. కొంత డబ్బు ముందు కడితే ఆ టీవీని మన పేరు మీద పక్కన పెట్టేస్తారు, వాయిదాలన్నీ కట్టాక తెచ్చుకోవాలి. వాల్‌మార్ట్ 2006లో అది మానేసి, 2011లో క్రిస్మస్ సీజన్‌కు మళ్లీ తెచ్చింది. అప్పుడు ఐదు డాలర్ల ఫీజు, మధ్యలో మానేస్తే పది డాలర్ల కోత. 2021లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు అక్కడ కూడా ముందు వస్తువు తీసుకో, తర్వాత కట్టు అనే పద్ధతే. "వస్తువు ఇవ్వకుండా ఫీజు కూడానా!" అని మీ నాన్న నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నయ్యకు మొదటి రోజే ఏ టీవీ అన్నది తేలిపోయింది, ధరా తేలిపోయింది. మన స్కీములో నువ్వు కట్టే డబ్బు ఒక్కటే ఖాయం. ఏ గొలుసో తెలీదు, ఏ రేటో తెలీదు, తరుగు ఎంతో తెలీదు. ఐదు డాలర్లు పుచ్చుకున్నా వాళ్ల పద్ధతే నయమనిపించింది.

రేటు సంగతి కూడా చూసుకో. స్కీముల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో నీ డబ్బు డబ్బుగానే ఉంటుంది, చివరి రోజు రేటుకు నగ కొనాలి. రెండోదాంట్లో కట్టిన రోజు రేటుకు ఎన్ని గ్రాములొస్తే అన్ని గ్రాములు నీ ఖాతాలో వేస్తారు. నువ్వు పంపిన కార్డు మొదటి రకం. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు ఒక్కరోజులో పది గ్రాములకు రెండు వేలకు పైగా పడింది. అప్పుడు డబ్బు రకం వాళ్లు బాగుపడ్డారు. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌కల్లా మేలిమి బంగారం పది గ్రాములు లక్ష దాటింది. డబ్బు రకం కట్టినవాళ్లు ఒక్కో నెలా గొలుసు సన్నబడుతుంటే చూస్తూ కూర్చున్నారు. రేటు ఎటు పోతుందో నాకు తెలీదు, షాపువాడికీ తెలీదు. గ్రాముల రకంలో అయితే ఏడాది సరాసరి రేటు పడుతుంది, టెన్షన్ ఉండదు.

గ్రాముల రకంలోనే కొన్ని షాపులు బోనస్ బదులు, పోగైన గ్రాముల మీద తరుగు తీసుకోం అంటాయి. నాకు నచ్చేది అదే. పైన అనుకున్న రేటుకు నీ ఖాతాలో 11 గ్రాములు పోగైతే, 14 శాతం తరుగు మాఫీ అంటే 15,400. ఉచిత వాయిదా కంటే ఎక్కువే కదా. ఎంత శాతం వరకు మాఫీ, ఏయే నగలకు, రాళ్ల నగలకు ఉందా లేదా అన్నది అడగాలి. నాణేలకు సాధారణంగా ఇవ్వరు.

11 నెలలే ఎందుకు పెడతారో తెలుసా? 2014 కంపెనీల డిపాజిట్ల నిబంధనల ప్రకారం సరుకు కోసం ముందే తీసుకున్న డబ్బుకు 365 రోజుల్లోపు సరుకు ఇచ్చేయాలి. అలా ఇస్తే అది అడ్వాన్సు. ఇవ్వకపోతే డిపాజిట్ కింద లెక్క, దానికి వేరే నిబంధనలు. అందుకని నువ్వూ పన్నెండో నెల దాటనివ్వకు. బ్యాంకు మునిగితే ఐదు లక్షల వరకు బీమా ఉంది. షాపు షట్టరు దించేస్తే అలాంటిదేమీ లేదు, నువ్వూ అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సిందే. వీధి చివర కొత్తగా రిబ్బన్ కట్ చేసిన షాపులో, బోనస్ ఎక్కువిస్తున్నాడని కట్టకు. మధ్యలో ఉద్యోగం మారి ఆపేయాల్సి వస్తే డబ్బు తిరిగిస్తారా, నగే తీసుకోమంటారా అన్నది కూడా ముందే తెలుసుకో.

పొదుపు కోసమే అయితే నగల షాపు గడప తొక్కాల్సిన పనే లేదు. నీకు గొలుసు కావాలి, వచ్చే ఏడాది ఎలాగూ కొంటావు, చేతిలో ఉంటే నెల తిరక్కుండా ఆ పది వేలూ ఆన్‌లైన్‌లో ఖర్చు పెట్టేస్తావు (కాదనకు). కాబట్టి నీ విషయంలో స్కీము పనికొస్తుంది.

ఆదివారం ఆ షాపుకు వెళ్లు. కార్డు మాట ఎత్తకుండా ముందు 16 గ్రాముల గొలుసులు చూపించమను, ఒక్కోదానికి తరుగు ఎంతో రాసుకో. అదే రోజు ఇంకో రెండు షాపుల్లో అడుగు. తర్వాత మేనేజరు దగ్గరకెళ్లి, స్కీము కస్టమరుకు తరుగు ఎంతకు మించదో కార్డు వెనక రాసి సంతకం పెట్టమను. నగ తీసుకునే రోజు దాని మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు కోడ్) ఉండాలి, ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడే చూసుకోవాలి. అది 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి.

రాసివ్వనంటే గొడవపడకుండా వచ్చేసి, సోమవారం మీ బ్యాంకు యాప్‌లో ఆర్‌డీ తెరువు. ఏడాది తిరిగాక నేనూ పిన్నీ హైదరాబాద్ వస్తాం. ముగ్గురం కలిసి వెళ్లి బేరమాడదాం.

ఉంటాను,
అమ్మ